గుడ్లక్క కాలు విరిగిన వైనం

ఆ బజారులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె గుడ్లక్క. మలుపులో ఉన్న టోకు గుడ్ల కొట్టు వాళ్లది. భర్త సైకిలు మీద బేకరీలకూ హోటళ్లకూ సరుకు చేరవేస్తాడు. ఆమె కొట్లో కూర్చుని గుడ్లు ఏరుతుంది, ట్రేలు పేరుస్తుంది, బేరాలు తెగ్గొడుతుంది. బడికి పోయే పిల్లలు "గుడ్లగూబక్కా!" అని కేకేసి పారిపోతే, "ఆగండ్రా, ఒక్కొక్కణ్ణీ బుట్టలో పెట్టి పొదిగేస్తా!" అని వెనకనుంచి అరుస్తుంది. ఆ అరుపు కోసమే వాళ్లు రోజూ ఆ దారిన పోయేవారు.

ఆమె భర్తను బజారంతా బ్యాలెన్స్ బాబాయ్ అనేది. వెనక క్యారేజీ మీద తన తలకంటే ఎత్తుగా ట్రేలు కట్టుకుని, గుంతల రోడ్డు మీద కూడా నీళ్ల మీద పడవలా సాగిపోయేవాడు. కొట్టు పెట్టిన నాటినుంచి దారిలో ఒక్క గుడ్డు పగలగొట్టలేదని జనం చెప్పుకునేవారు. ఎవరూ చెప్పుకోని రోజున ఆయనే చెప్పుకునేవాడు. ఆ సైకిలును ఇంకొకళ్లు తాకితే ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు.

గుడ్లక్క మనసు ఆ సైకిలు మీదే ఉండేది. చిన్నప్పుడు అన్నలు సైకిలు నేర్చుకుంటుంటే ఆమె చేతికి చంటి తమ్ముణ్ణి ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. తరువాత పెళ్లి, కొట్టు, కూతురు, కూతురి చదువు, కూతురి పెళ్లి. అన్నీ అయ్యాక, యాభై దాటాక, ఒకరోజు గుడ్లు ఏరుతూ ఏరుతూ అత్తగారితో అనేసింది.

"అత్తయ్యా, నవ్వనంటే ఒక మాట చెప్తాను. నాకు సైకిలు తొక్కాలనుంది."

అత్త మంచి, వేము తీపి ఉండవంటారు. ఆ సామెత పుట్టించినవాడు ఈ అత్తగారిని చూడలేదు. ఎండుమిరపకాయలా సన్నగా, చురుగ్గా ఉండే డెబ్బై దాటిన మనిషి. కోడలి మాటకు నవ్వలేదు సరికదా, చేతిలో గుడ్డు ట్రేలో పెట్టి, "దానికింత ఉపోద్ఘాతం ఎందుకే? రేపట్నుంచే మొదలెడదాం. నేను పట్టుకుంటాలే," అంది.

"మరి ఆయనకి తెలిస్తే?"

"తెలిస్తే బజారంతా చెప్పి నవ్విస్తాడు. నీకు బాగా వచ్చాక చూపిద్దాం. అప్పుడు వాడి మొహం చూడాలి!"

రోజూ పొద్దున్నే గుడ్ల లారీ దగ్గరికి భర్త నడిచి వెళ్లి, సరుకు వ్యానులో వేయించుకుని వచ్చేవాడు. ఆ కాసేపే సైకిలు ఖాళీ. కొట్టు వెనక గోదాము ఆవరణలో, కంకర నేల మీద, అత్తాకోడళ్ల పాఠాలు మొదలయ్యాయి. అత్తగారు క్యారేజీ పట్టుకుని వెనకే నడుస్తూ, "కిందికి చూడకు. హ్యాండిలు అంత బిగించి పట్టుకోకు, అదేం పాము కాదు, పారిపోదు," అని గదమాయించేది. మొదట్లో సైకిలు గుడ్లక్కను తొక్కిందో, గుడ్లక్క సైకిలును తొక్కిందో చెప్పడం కష్టం. మెల్లగా కుదురు వచ్చింది.

ఆ రోజు గేటు దగ్గర ఎక్కింది. పెడళ్లు మెత్తగా తిరుగుతున్నాయి. గాలి చెవుల పక్కనుంచి పోతోంది. గోదాము గోడ తనవైపు అంత తొందరగా రావడం ఆమెకు వింతగా అనిపించింది.

"అత్తయ్యా, వదలకండేం!"

జవాబు రాలేదు. మళ్లీ అడిగింది. ఎక్కడో దూరంనుంచి నవ్వు వినిపించింది. తల తిప్పి చూసింది. అత్తగారు గేటు దగ్గరే నిలబడి రెండు చేతులూ గాల్లో ఊపుతోంది.

"నువ్వే తొక్కుతున్నావే, పిల్లా! నువ్వే!"

ఆ మాట ఆమె చెవిన పడగానే సైకిలుకు కూడా సంగతి తెలిసిపోయినట్టుంది. ముందు చక్రం అడ్డంగా తిరిగింది. సైకిలు ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు. ఎడమ పాదం మాత్రం ఎటు పోవాలో తేల్చుకోలేక పెడలు కింద ఉండిపోయింది. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. చూసుకుంటే పాదం ముందుకు కాకుండా పక్కకు చూస్తోంది.

అత్తగారు పరుగెత్తుకొచ్చింది. కోడలి తలను ఒళ్లో పెట్టుకుని, "అయ్యో నా తల్లీ, నా చేతులు విరిగిపోను," అంటూ తల బాదుకుంది. అంతలో వీధి చివర వ్యాను హారను వినిపించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బాత్రూంలో జారిపడ్డానని చెప్పండి," అంది గుడ్లక్క పళ్లు బిగించి.

అత్తగారు ఆ వయసులో సైకిలును ఎలా లేపిందో, ఎలా గోడకు చేరేసిందో ఆమెకే తెలియాలి. తిరిగి వస్తూ పంపు దగ్గరి బకెట్టు ఎత్తుకొచ్చి కోడలి నెత్తిన గుమ్మరించింది.

"ఇదేంటత్తయ్యా!"

"బాత్రూం అన్నావుగా. తడవకుండా జారతావా?"

భర్త వచ్చేసరికి, ఇంటికి అల్లంత దూరంలో, కంకర మీద, నిలువునా తడిసిన భార్య. బాత్రూంలో జారిపడిందని తల్లి చెప్పింది. "బాత్రూంలో పడితే ఇక్కడికెలా వచ్చింది?" అని అడగబోయాడు గాని, పాదం చూసి మాట మింగేశాడు. ట్రేలు దింపకుండానే ఆమెను, తోడుగా తల్లిని వ్యానులో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారి పొడుగునా డ్రైవరుతో "మెల్లగా పోనీ, మెల్లగా," అంటూనే ఉన్నాడు. గుడ్ల గురించి అంటున్నాడేమో అనుకుంది ఆమె. చూస్తే ఆయన రెండు చేతులూ ఆమె కాలి కిందే ఉన్నాయి.

ఆసుపత్రిలో ముందు ఒక ఇంజక్షను ఇచ్చారు. నొప్పి పక్కగదిలోకి వెళ్లి కూర్చున్నట్టయింది. ఎక్స్‌రే తీశారు. ఎముకల డాక్టరు వచ్చాడు. తలుపంత మనిషి, గొంతు మాత్రం పిల్లికూన గొంతు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు. గుడ్లక్క కూడా రోజూ గుడ్లను అలాగే పట్టి చూస్తుంది కాబట్టి ఆయన మీద గురి కుదిరింది.

"చీలమండ దగ్గర లోపలి ఎముకా బయటి ఎముకా రెండూ విరిగాయమ్మా. ఇప్పుడు కీలు సరిచేసి కట్టు వేస్తాను. వాపు తగ్గాక ఆపరేషను చేసి ప్లేటు, స్క్రూలు వేయాలి. భయం లేదు."

"మళ్లీ పాదం ముందుకు తిరుగుతుందాండీ?"

"తిరుగుతుంది. ఇంతకీ ఎలా పడ్డారు?"

"బాత్రూంలో జారానండి."

పెద్ద నర్సు అప్పటికి ఆమె మోచేతి దగ్గర దూదితో తుడుస్తోంది. చిన్న పట్టకారుతో ఒక్కొక్క కంకర రాయీ తీసి పళ్లెంలో వేస్తోంది. పళ్లెం టింగు టింగుమంటోంది. డాక్టరు ఆ పళ్లెం వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"మీ బాత్రూంలో రోడ్డు వేయిస్తున్నారా?"

గుడ్లక్క భర్త వైపు తిరిగి, "నాకు దాహంగా ఉంది, కాస్త మంచినీళ్లు తెండి," అంది. ఆయన అటు వెళ్లగానే గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పేసింది. అత్తగారు తలుపు దగ్గర కాపలా కాసింది.

డాక్టరు నవ్వలేదు. "పాదం పెడలు కింద ఉండిపోయి ఒళ్లు అటు తిరిగిందన్నమాట. ఎక్స్‌రే కూడా అదే చెప్తోంది. నా దగ్గర దాచకూడదమ్మా, మీవారి సంగతి మీ ఇష్టం," అన్నాడు. తరువాత ఆమెకు మగత వచ్చే మందు ఇచ్చారు. కళ్లు తెరిచేసరికి పాదం, కట్టులో, ఉండవలసిన వైపే చూస్తోంది. దాన్ని చూసి ఆమెకు దూరపు బంధువు ఇంటికొచ్చినంత సంబరమైంది.

ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. కాలు మూడు దిండ్ల మీద, మనిషి ఒక దిండు మీద. పక్క మంచం కండక్టరమ్మది. చాలా ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మోకాలిచిప్ప పగిలి వచ్చింది గాని, వార్డు మొత్తం ఆమె బస్సే. భోజనాల బండి రాగానే, "తోసుకోకండి, అందరికీ సీట్లున్నాయి!" అనేది. గుడ్లక్క మొహం ఒకసారి చూసి, "నువ్వు బాత్రూంలో పడ్డ మనిషివి కాదు. టికెట్టు లేనివాళ్ల మొహాలు నాకు తెలుసు. చెప్పేయ్," అంది. గుడ్లక్క చెప్పేసింది. మధ్యాహ్నానికి వార్డంతా తెలిసింది. కండక్టరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

పెద్ద నర్సు పొద్దున్నే వచ్చి కాలివేళ్లు నొక్కి, రంగు చూసి, "ఆడించండి, గుడ్లక్కగారూ," అనేది. "మీ పేరులోనే గుడ్ లక్ ఉంది. మీకేం కాదు." ఎవరి మాటకైనా కసురుకునే ఆమె చేతులు కట్టు సర్దేటప్పుడు మాత్రం చంటిపిల్లకు స్నానం చేయించినట్టు ఉండేవి. ఇంత వయసు వచ్చాక తనకు ఇంకొకళ్లు తల దువ్వడం, మంచం మీదికే పాలగ్లాసు రావడం గుడ్లక్కకు మొదట సిగ్గనిపించింది. రెండో పూటకు అలవాటైంది. మూడో పూట పాలు ఆలస్యమైతే కేక వేసింది.

అంతా బాగానే ఉండేది గాని, భర్త రోజూ కొత్త కబురు తెచ్చేవాడు.

"సైకిలు హ్యాండిలు వంకరపోయిందే! ఎవడో ఎత్తుకుపోవాలని చూశాడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గుడ్లక్క దుప్పటి సర్దుకుంది. కండక్టరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె మంచం మాత్రం నవ్వుతో కదులుతోంది.

మరునాడు ఆయన గొలుసూ తాళం కొన్నాడు. ఆ మరునాడు గేటుకు ముళ్లకంచె వేయించాలన్నాడు. "పోనిద్దురూ, కోడిగుడ్డు మీద ఈకలు పీకకండి. సైకిలు పోలేదుగా," అని ఆమె అంటే, "నీకేం తెలుసు ఆ సైకిలు విలువ?" అని ఎగిరాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

ఆపరేషనుకు ముందు రోజు సాయంత్రం మాత్రం ఆయన మొహం వేరుగా ఉంది.

"దొంగ ఎవడో తెలిసింది. పక్క గోదాము కాపలా మనిషే. ఆ పూట వాడొక్కడే అక్కడున్నాడట. వాళ్ల యజమానికి రేపే చెప్పి పని మాన్పిస్తాను."

గుడ్లక్క మంచం మీద లేచి కూర్చుంది. కాపలా మనిషి ఆమె ఎప్పుడు బరువు ఎత్తుతున్నా వచ్చి చెయ్యి వేసే మంచివాడు. అత్తగారు స్టూలు మీద కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటోంది. నోరు తెరవబోయింది. కోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"దొంగ వాడు కాదండీ. నేనే."

"ఏంటి?"

"సైకిలు తీసింది నేను. తొక్కాను. పడ్డాను. హ్యాండిలు వంగిందీ అప్పుడే, కాలు విరిగిందీ అప్పుడే. బాత్రూం అన్నది అబద్ధం."

వార్డులో చెంచాల చప్పుడు ఆగిపోయింది. భర్త కాసేపు ఆమెనూ, కాసేపు కట్టునూ చూశాడు. బజారంతా వినేట్టు నవ్వుతాడనుకుంది. లేదా కేకలేస్తాడనుకుంది.

"ఎంత దూరం తొక్కావు?" అన్నాడు.

"గేటు దగ్గర్నుంచి గోడ దాకా."

"ఎవరూ పట్టుకోకుండానే?"

"పట్టుకుంటాననే చెప్పారు మీ అమ్మగారు. చూస్తే గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నారు."

ఆయన తల్లివైపు తిరిగాడు. "అమ్మా! నన్నూ ఇలాగే వదిలేశావు కదే! మురిక్కాలవలో పడ్డాను!"

"పడితేనేగా వచ్చింది?" అంది తల్లి. "నీకు వచ్చింది, దానికీ వచ్చింది. నా శిష్యులెవరూ ఫెయిలవలేదు."

ముందు కండక్టరమ్మ నవ్వింది. తరువాత ఆ చివర తొడకట్టుతో ఉన్న ముసలామె నవ్వింది. పెద్ద నర్సు వచ్చి, "ఇది ఆసుపత్రా, సంతా?" అని కసిరి, సంగతి విని తనూ నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. భర్త కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. కానీ లోపల ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. మంచం అంచున కూర్చుని మెల్లగా అన్నాడు.

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఇచ్చేవారా?"

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. "ఇచ్చేవాణ్ణి కాదు," అని ఒప్పుకున్నాడు. కాసేపటికి, "ఇప్పుడు అడుగు," అన్నాడు.

"ఇప్పుడు తొక్కడానికి కాలు లేదుగా!" అంది ఆమె. మళ్లీ నవ్వులు.

ఆ సాయంత్రమే ఆయన కాపలా మనిషి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుని తప్పైందన్నాడట. తన మీద అనుమానం ఉన్నట్టే తెలియని ఆ మనిషి బిత్తరపోయి, అక్కను చూడ్డానికి మరునాడు ఆసుపత్రికి వచ్చాడు.

ఆపరేషనుకు వెన్నులో సూది ఇచ్చారు. నడుము కిందినుంచి తన ఒళ్లు తనది కాకుండా పోయింది. తొడ మీద చెయ్యి వేస్తే పక్కింటివాళ్ల తొడలా ఉంది. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. అటువైపు డ్రిల్లింగు మిషను గుర్రుమంటోంది, ఏదో ఠంగుమంటోంది. వడ్రంగి కొట్టు ముందు కూర్చున్నట్టే ఉంది.

"తలుపు చేస్తున్నారా, కిటికీయా?" అని అడిగింది, తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరమ్మను.

"బీరువా అండీ," అంది ఆమె నవ్వుతూ. "భయంగా ఉందా?"

"కాస్త."

మత్తు డాక్టరమ్మ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆపరేషను అయ్యేవరకు వదలలేదు. గుడ్డ అవతలినుంచి పిల్లికూన గొంతు, "చివరి స్క్రూ, గుడ్లక్కగారూ. బ్రహ్మాండంగా కూర్చుంది," అని చెప్పింది. బయట కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్న భర్తకు ఆ మాట చేరవేసింది పెద్ద నర్సు. వెంటనే ఆయన తల్లి పక్కన కూలబడి టీ అడిగాడట.

మత్తు దిగాక నొప్పి వచ్చింది. అది నిజమైన నొప్పి. ఆ రాత్రి సంగతి ఆమె ఎవరికీ ఎక్కువ చెప్పలేదు. రెండురోజుల తరువాత, వ్యాయామాలు చేయించే అమ్మాయి వాకరు పట్టుకొచ్చింది. నవ్వుమొహమే గాని, మాట జవదాటనిచ్చే రకం కాదు.

"ఎడమ కాలు నేలకు తగలకూడదు. వాకరు ముందుకు, చేతుల మీద బరువు, కుడికాలు గెంతు. లేవండి."

"ఇవాళేనా?"

"నిన్న రమ్మన్నారు, నేనే ఆగాను."

లేచింది. గది గిర్రున తిరిగి ఆగింది. వార్డంతా చూస్తోంది. ఎటూ కదలలేకపోయింది. అప్పుడు పక్క మంచం మీదినుంచి, సిటీ బస్సుల రొదను దాటుకుని వచ్చిన గొంతు ఒకటి ఖంగున మోగింది.

"రైట్ రైట్!"

గుడ్లక్క గెంతింది. ఇంకో గెంతు. కిటికీ దాకా పోయి ఆగితే, "హోల్డాన్! ముందు తలుపు దగ్గర స్టేజీ ఉంది, అక్కడ దిగు!" అంది కండక్టరమ్మ. తలుపు దాకా పోయింది. మంచానికి తిరిగొచ్చేసరికి ఒళ్లంతా చెమట, మొహమంతా నవ్వు.

కుట్లు విప్పాక ఇంటికి పంపారు. ఇంట్లో కొన్నాళ్లు కుర్చీలో కూర్చునే కొట్టు నడిపింది. భర్త వంట నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడని ఆయన అనేవాడు. ఎముక అతికిందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాక, కాలు మోపడం, చేతికర్రతో నడవడం, మెట్లు ఎక్కడం ఒక్కొక్కటీ వచ్చాయి. బిగుసుకుపోయిన చీలమండను వంచడానికి ఆసుపత్రి వ్యాయామాల గదికి వెళ్లేది. ఒకరోజు వ్యాయామాల అమ్మాయి మూలనున్న దాని మీది గుడ్డ తీసి, "ఇవాళ్టినుంచి ఇది," అంది.

చక్రాలు లేకుండా నేలకు బిగించిన సైకిలు. గుడ్లక్క దాన్ని చూసి ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. భర్త తోడు వచ్చాడు. క్యారేజీ లేకపోయినా అలవాటుగా వెనక నిలబడి సీటు పట్టుకున్నాడు.

"అది పడదండీ, బిగించే ఉంది," అంది వ్యాయామాల అమ్మాయి.

"మా అమ్మ కూడా పడదనే చెప్పింది," అన్నాడాయన, సీటు వదలకుండా.

మొదటి చుట్టుకు చీలమండ కిర్రుమంది. తరువాత కాస్త నూనె పోసినట్టయింది. ఆమె తొక్కుతూనే ఉంది. ఎదురుగా గోడ, గోడ మీద అస్థిపంజరం బొమ్మ. అయినా ఆమె కళ్లకు ఏం కనిపిస్తోందో గాని, వేలితో లేని బెల్లు నొక్కింది. "చాలు, దిగండి," అని అమ్మాయి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

డాక్టరు రోడ్డు మీద తొక్కవచ్చని చెప్పేసరికి వానాకాలం పోయింది. భర్త ఆమె కోసం ఒక చిన్న సైకిలు తెచ్చాడు, కాళ్లు నేలకందే ఎత్తుది. ఆయనే నేర్పుతానని పట్టుబట్టాడు. తల్లీకొడుకులు ఎవరు పట్టుకోవాలని గోదాము ఆవరణలో వాదించుకుంటుండగా ఆమె ఎక్కి ఒక చుట్టు వేసి వచ్చింది.

ఇప్పుడు దగ్గరి వీధుల ఇళ్లకు ఆమే గుడ్లు చేరవేస్తుంది. ముందు బుట్టలో రెండు ట్రేలు, అంతకంటే ఎక్కువ పెట్టుకోదు. మొదటి వారమే నాలుగు గుడ్లు పగిలాయి. దాచకుండా ఇంటికి తెచ్చి అట్టు పోసి భర్తకే పెట్టింది. చలి రోజుల్లో చీలమండ కాస్త పట్టేస్తుంది. ప్లేటు ఉన్నచోట చర్మం కింద వేలికి తగులుతుంది. అడిగినవాళ్లకు తడిమి చూడమంటుంది.

మొదటిసారి పెద్ద రోడ్డు మీదికి వెళ్లిన రోజున సిగ్నలు దగ్గర ఎర్రదీపం పడింది. అప్పటిదాకా ఎక్కడ ఆగినా ఆమె కుడికాలే కింద పెట్టేది. సైకిలు ఎడమవైపు ఒరిగింది. ఆలోచించే వ్యవధి లేక ఎడమ కాలే కింద పెట్టేసింది. పెట్టాక గుర్తొచ్చి, ఊపిరి బిగబట్టి, కిందికి చూసింది. పాదం తారురోడ్డు మీద దిట్టంగా ఉంది. సైకిలూ, గుడ్లూ, తనూ మొత్తం బరువు దాని మీదే ఉంది.

అలాగే చూస్తుండిపోయింది. దీపం ఎప్పుడు పచ్చబడిందో తెలియలేదు. వెనక స్కూటరు మీది మనిషి హారను కొట్టాడు.

"కదలండమ్మా, కదలండి!"

"కదుల్తున్నానయ్యా, కంగారెందుకు!" అని అరిచి, పెడలు మీద కాలు వేసింది.